కందకి లేని దురద

దోమ కుట్టింది రాజ్యాన్ని. దురద పుట్టింది వాళ్లక్క మాణిక్యానికి.

తెనాలిలో పెళ్లీ పెటాకులూ లేకుండా ఒకే కప్పు కింద ఉండిపోయిన అక్కచెల్లెళ్లు వాళ్లు. రాజ్యం ఎడమ మణికట్టు మీద చింతగింజంత దద్దురు లేచింది. ఆవిడకి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు, నింపాదిగా చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. మాణిక్యం చేతి మీద చిన్న మచ్చయినా లేదు. దురద మాత్రం దూలగొండి రాసినట్టు ఎముకదాకా తవ్వుతోంది.

మాణిక్యం తన చేతికి సున్నం రాసుకుంటుంది. ఉల్లిపాయ చెక్క రుద్దుకుంటుంది. కుట్టిన చోటు అవతలుంటే మందు ఇవతల రాసి ఏం లాభం, మీరే చెప్పండి. చివరికి సిగ్గు విడిచి, నీ చెయ్యి కాస్త గోక్కోవే, చచ్చి నీ కడుపున పుడతానని చెల్లెల్ని బతిమాలుతుంది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే అక్కా?" అంటుంది రాజ్యం, తలెత్తకుండా.

ఈ కక్ష దోమతో మొదలైంది కాదు. రాజ్యాన్ని చూడ్డానికి ఏళ్ల కిందట వచ్చిన పెళ్లివారు ఇంకా ముందు గదిలోనే కూర్చుని ఉన్నారు. మా చెల్లికి ఒంటినిండా గజ్జి, రాత్రంతా గోక్కుంటూనే ఉంటుందని ఆనాడు మాణిక్యం పెళ్లికొడుకు తల్లి చెవిలో ఊదింది. చెల్లెలు వెళ్లిపోతే ఒంటరిదైపోతానని భయం, అంతే. వాళ్లు ఔననలేదు, కాదనలేదు, లేవనూలేదు. పెళ్లికొడుక్కి జుట్టు నెరిసింది గానీ గ్లాసుల్లో కాఫీ చల్లారలేదు. మాణిక్యం రోజూ వాళ్ల కాళ్లు ఎత్తమని కింద ఊడుస్తుంది.

రాజ్యం ఒక్క గోటితో దద్దురు మీద ఒక్కసారి గీస్తుంది. మాణిక్యానికి ప్రాణం లేచొస్తుంది. అంతలోనే గోరు ఆగిపోతుంది.

"ఆ గదిలోకెళ్లి నిజం చెప్పు. అప్పుడు గోక్కుంటా."

చెబితే చెల్లెల్ని తీసుకుపోతారు. చెప్పకపోతే దురద చంపేస్తుంది. మాణిక్యం పళ్లు నూరుతుంది, చెల్లెల్ని నోటికొచ్చినట్టు తిడుతుంది. దురద భుజందాకా ఎక్కేసరికి లేస్తుంది.

ముందు గది ఇవాళ పొడుగెక్కింది. అవతలి చివరికి చేరేలోపు చీర కుచ్చెళ్లు అరిగిపోతాయి, కాళ్లు వాస్తాయి. పెళ్లివారు అలాగే ఉన్నారు.

"దానికి గజ్జీ లేదు, గాడిద గుడ్డూ లేదు. నేనే అబద్ధం చెప్పా," అంటుంది.

పెళ్లికొడుకు తల్లి ఒక్క గుక్కలో కాఫీ తాగేసి, అలా అయితే ఇక బయల్దేరతామంటుంది. రాజ్యం అప్పటికే తలలో పూలు పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

చెయ్యి గోక్కుంటానన్నావు కదే అని మాణిక్యం ఆవిడ దారికి అడ్డం పడుతుంది.

"గోక్కుంటాలే. అత్తారింట్లో, నాకు తీరికైనప్పుడు."

అని, వంటింట్లోకెళ్లి జాడీలోంచి గుప్పెడు ఉప్పు తెస్తుంది. ఉప్పునీళ్లు పెట్టుకో, తగ్గుతుందంటూ అక్క చేతిలో పోస్తుంది. చేతిలోంచి చేతిలోకి. ఎన్నేళ్లు పోట్లాడుకున్నా ఆ ఇంట్లో ఉప్పుని పళ్లెంలో పెట్టి కింద ఉంచేవాళ్లే గానీ చేతికి అందించిన పాపాన పోలేదు. చేతికిస్తే తగువు జన్మలో తీరదని ఇద్దరికీ తెలుసు. రాజ్యం అక్క పిడికిలి తనే మూసి, మెట్లు దిగిపోతుంది.

బండి కదులుతుంది. బండి దూరమయ్యేకొద్దీ దురద పెరుగుతుంది. దాన్ని తీర్చగల చెయ్యి ఊరు దాటిపోతోందని మాణిక్యం ఏడుస్తుంది.

అప్పుడు గోడ మీద, పెళ్లికొడుకు ఇన్నాళ్లూ తల ఆనించిన చోట, చింతగింజంత దద్దురు లేస్తుంది. మాణిక్యం రెండు చేతులా దాన్ని గోకుతుంది. సున్నం పెళ్లలుగా రాలుతుంది. కింద ఇటుకలు లేవు, చామనఛాయ చర్మం ఉంది, వెచ్చగా. ఇంటికి హాయిగా ఉన్నట్టుంది, దూలాలు ఆవులిస్తాయి. మాణిక్యానికి మాత్రం దురద పిసరంత తగ్గదు.

ఆవిడ గోకుతూనే ఉంటుంది. కాసేపటికి ఇల్లు మెల్లగా ఒత్తిగిలి, రెండో వైపు చూపిస్తుంది.