దేవకుమార్ సాక్ష్యం

కాగితం మీద గీసిన బ్రేకు డ్రమ్ము వృత్తాన్ని మూడోసారి చెరిపేసి, దేవకుమార్ రబ్బరు పొడిని బ్రష్‌తో నెమ్మదిగా ఊడ్చాడు. ట్రాయ్ ఊళ్ళో, కార్ల భాగాల నమూనాలు గీసే ఆ డ్రాఫ్టింగ్ గదికి శనివారం ఓవర్‌టైమ్ కోసం ఆరుగురు వచ్చారు. ఐదుగురి బల్లల మీద యాష్‌ట్రేలు పొగలు కక్కుతున్నాయి. అతని యాష్‌ట్రేలో మాత్రం పెన్సిలు ముక్కలున్నాయి. పన్నెండేళ్ళుగా అతను గీసినవన్నీ ఎవరెవరివో కార్లు ఆగడానికి పనికొచ్చే వస్తువులే.

కిటికీ అవతల మంచు మీద ఎండ పడి పంచదారలా మెరుస్తోంది. ఒక ఎర్రపిట్ట గెంతుతోంది. అది చూడముచ్చటగా ఉందని అతనికి తెలుసు. తెలుస్తోందే తప్ప ముచ్చట కలగడం లేదు. అతని భయం అదే.

తెనాలిలో నాన్నను సమాధి చేసిన సాయంత్రం, పంతొమ్మిదేళ్ళ వయసులో, మొదటి సిగరెట్ వెలిగించాడు. గుండెల్లో కమ్ముకున్న చీకటి కాస్త వెనక్కి జరిగినట్టనిపించింది. ఆ తరవాత అది రోజుకు రెండు పెట్టెలు అడిగింది. నలభై మూడు రోజుల కిందట మానేశాడు. మర్నాడే తెలుగు క్రైస్తవుల ప్రార్థన కూడికలో నిలబడి, ప్రభువు తనను పూర్తిగా విడిపించాడని సాక్ష్యం చెప్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వారం రోజులకే చీకటి తిరిగొచ్చింది. దేవుడి పేరు మీద చెప్పిన మాటను వెనక్కి తీసుకోవడం ఎలాగో అతనికి తెలియలేదు.

మధ్యాహ్నం ఇంటికి వస్తుంటే, ఫ్రీవే వంతెన మీద స్టీరింగ్‌ను రెయిలింగ్ వైపు తిప్పేయాలనిపించింది. అది ఎంత తేలిగ్గా అనిపించిందంటే, వంతెన దాటగానే కారు పక్కకు ఆపాడు. రెండు చేతులూ తొడల కింద అదుముకుని పావుగంట కూర్చున్నాడు.

మూడింటికి కూడిక ఈసారి దేవకుమార్ వాళ్ళింట్లోనే జరిగింది. వంటింట్లో భార్య లూసీ టీ కాస్తోంది.

"దేవకుమార్ తమ్ముడూ, ఈ దైవాశీర్వాదం గారు కొత్తగా వచ్చారు. ఆయన కోసం నీ సాక్ష్యం ఇంకోసారి చెప్పు," అన్నారు సంఘపెద్ద అబ్రహాం గారు.

"బాబోయ్, వద్దండీ!" అన్నాడు దైవాశీర్వాదం. "మా ఆవిడ ఆ రోజు వచ్చి అది విన్నప్పట్నుంచీ, సిగరెట్ల కోసం రోజూ నా కోటు జేబులు చెక్ చేస్తోంది!"

అందరూ నవ్వారు. దేవకుమార్ లేచి నిలబడ్డాడు.

"సిగరెట్ మానేశానండీ. అది నిజమే. మిగతాది నిజం కాదు. నాకు బతకాలని లేదు. ఇవాళ డ్రైవ్ చేస్తుంటే వంతెన మీద... నా చేతులంటే నాకే భయంగా ఉందండీ."

ఎవరో గబగబా పాట ఎత్తుకున్నారు.

"ఇది శోధన, తమ్ముడూ," అన్నారు అబ్రహాం గారు. "మూడు రోజులు ఉపవాసం ఉండి..."

"అన్నయ్యగారూ, మీరు ప్రార్థన చెయ్యండి." లూసీ స్టవ్ ఆపి, అప్పటికే కోటు తొడుక్కుంటోంది. ఆమె నర్సు. "మేం ఎమర్జెన్సీకి వెళ్తున్నాం. కారు నేను డ్రైవ్ చేస్తాను."

దారిలో అడిగింది. "మానేసినప్పట్నుంచేనా?"

"కాదు లూసీ. ముందునుంచీ ఉంది. పొగలో కనపడలేదంతే."

"నాకు చెప్పొచ్చుగా. నేనేమన్నా చప్పట్లు కొడతానా?"

డాక్టరు అంతా విన్నాడు. డిప్రెషన్ అనే మాటను తన పేరు పక్కన రాయడం దేవకుమార్ మొదటిసారి చూశాడు. కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలన్నారు. ఒక నర్సు జాగ్రత్త కోసం అతని వాచీ, షూ లేసులు, బెల్టు తీయించి లూసీ చేతికిచ్చింది. అతను వార్డులోకి వెళ్ళాక తలుపు మెల్లగా మూసుకుంది.

తలుపుకున్న చిన్న అద్దంలోంచి అతను వెనక్కి చూశాడు. లూసీ ఇంకా కుర్చీలోంచి లేవలేదు. ఒళ్ళో బెల్టు పరుచుకుని, దాని మీద వేలు జరుపుతోంది: కంపెనీవాళ్ళు వేసిన ఐదు కన్నాలూ దాటి, అతను చిక్కినకొద్దీ కాంపస్ మొనతో వంకరటింకరగా పొడుచుకున్న మరో మూడింటి దాకా.