హిట్ పడని మధ్యాహ్నం

అయోవాలోని ఆ చిన్న ఊళ్ళో ఆదివారం చర్చి అవగానే జనం బేస్‌బాల్ మైదానం దారి పట్టేవాళ్ళు. జట్టు కోచ్ హాల్డర్సన్ ఆ రోజు పొద్దున్నించీ మర్ల్ టకెట్ కంటపడకుండా తిరుగుతున్నాడు. బంతి విసిరే మర్ల్‌కి వయసు మీదపడింది, ఇంటికి పంపించెయ్యమని యజమాని ప్రూయిట్ హుకుం. ఇద్దరిదీ ఏళ్ళ తరబడి చెలిమి. ఎలా చెప్పాలో తెలీక, అవతలి జట్టులో ఎవడో ఒకడు హిట్ కొడితే, అంటే బంతిని బాది అవుటవకుండా మొదటి బేస్ చేరితే, మర్ల్‌ని దించేసి అప్పుడే చెబుదామనుకున్నాడు.

ఎవడూ కొట్టలేదు.

నాలుగో ఇన్నింగ్స్‌కి బెంచీమీది వాళ్ళు ఒక్కొక్కరే మర్ల్ పక్కనుంచి జరిగిపోయారు. ఒక్క హిట్టూ ఇవ్వకుండా ఆట సాగుతుంటే ఆ ఊసెత్తకూడదు, విసిరేవాణ్ణి పలకరించకూడదు. నోరు జారిందా, దిష్టి తగిలినట్టే. అందుకే మర్ల్ బెంచీకి జానెడెత్తున లేచినప్పుడు అందరూ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ తమ బూట్లకేసి చూసుకున్నారు. మనవాడు గాల్లో తేలిపోతున్నాడని అనడానికి నాలుక ఎంత దురద పెట్టినా ఎవరూ అనలేదు. ఆరో ఇన్నింగ్స్‌కి మనిషెత్తు లేచాడు. బంతి ఏ పైలోకం నుంచో దిగుతుంటే అవతలివాళ్ళు గాలిని బాదారు. విసిరేవాడి పాదం నేలమీద ఉండాలన్న రూలు అంపైర్‌కి కంఠతా వచ్చు. ఆయనా ఆ ఊళ్ళోనే పుట్టాడు మరి, నోరు మూసుకున్నాడు.

ఏడో ఇన్నింగ్స్‌లో ప్రూయిట్ రొప్పుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా, చెప్పావా లేదా?"

"ఇప్పుడా? మీరే చెప్పండి సార్, నోరెలా పెగులుతుందో చూస్తాను!"

ప్రూయిట్ పైకి చూసి, టోపీ తీసి, గింజలకోసం చెయ్యి చాపాడు.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకొక్కడు అవుటైతే చాలు. ఆ ఒక్కడు కొట్టిన దెబ్బకి బంతి రెండు నిలువుల ఎత్తున దూసుకెళ్ళింది. నేలమీద నిలబడ్డ ఎవరికీ అందదు. హాల్డర్సన్ కళ్ళు మూసుకున్నాడు. మర్ల్ ఉన్నచోటునుంచే గ్లవ్ చాపి పట్టేశాడు.

"అవుట్!"

ఊరంతా ఒక్కసారి నోరు తెరిచింది. మర్ల్ మెల్లగా కిందికి దిగి హాల్డర్సన్ దగ్గరికి వచ్చాడు.

"పొద్దున్నించీ మొహం తప్పించారు కోచ్. నన్ను పంపించేస్తున్నారా?"

హాల్డర్సన్ ప్రూయిట్‌కేసి చూశాడు. ప్రూయిటే జవాబు చెప్పాడు.

"పంపించడమేంటయ్యా? శుక్రవారం ఆటలోనూ నువ్వే విసరాలి."

మర్ల్ అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. హాల్డర్సన్‌కీ ఏడుపు ఆగలేదు.

"లేవరా, చొక్కా మట్టవుతోంది," అంటూ తనూ వాడి పక్కనే చతికిలబడ్డాడు.