నోట్లో బురద

చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, చాకవేలు పక్కనుండే ఒక పల్లె బడిలో ప్రథమ చికిత్స నేర్పే తరబేతి శిబిరం పెట్టారు. ఊరికొకరు వచ్చి మూడు రోజులు నేర్చుకొని, ఆపదొస్తే తమ ఊరిని ఆదుకోవాలని సర్కారు ఆశ. సర్కారుకేం, ఎంతైనా ఆశపడుతుంది. తీరా వచ్చింది ఎవరయ్యా అంటే పటేళ్ళ తమ్ముళ్ళు, ఛైర్మన్ల బావమరుదులు. ఆ పల్లె తరఫున పటేలు తమ్ముడు వెంకటరాయప్ప పేరు రాయించుకున్నాడు.

వంటకు అదే ఊరి హనుమక్కను పిలిచారు. ఆమె మొగుడు మునినారాయణకు ఉన్నది ఎకరా మెట్ట. సేద్యం లేని రోజుల్లో ఊళ్ళోవాళ్ళ బావుల్లో పూడిక తీయడానికి పోతుంటాడు. బడి కిటికీ కింద మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వేసుకుంది హనుమక్క. లోపల చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన డాక్టరు చెప్పేదంతా పొయ్యి మీది పప్పుసారు కలుపుతూనే విన్నది, రాగిముద్ద కెలుకుతూనే చూసింది. నీళ్ళలో పడినవాణ్ణి బయటికి తీయగానే ముందు నోట్లో వేలు పెట్టి బురద, నాచు తీసేయాలి. బోర్లా పడుకోబెట్టి తల ఒక పక్కకు తిప్పాలి. తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చొని వీపు నొక్కాలి, మోచేతులు పట్టి ఎత్తాలి. నిమిషానికి పన్నెండు సార్లు. డాక్టరు వచ్చేదాకా మానకూడదు.

వెంకటరాయప్ప చివరి బెంచీలో గోడకానుకొని నిద్రపోయాడు. పప్పుసారు వాసనకు లేచేవాడు. మూడోనాడు సర్టిఫికెట్టు మాత్రం అందరికంటే ముందు తీసుకొని, అద్దం వేయించి ఇంటి నడవలో తగిలించాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

హనుమక్క ఇంటికొచ్చి మొగుణ్ణి అరుగు మీద బోర్లా పడుకోబెట్టి, చూసింది చూసినట్టు చేసింది. అతనికి చక్కిలిగింత.

"ఏమే, బతికుండే మనిషినే బతికిస్తాండావా?" అని పడీపడీ నవ్వాడు.

వైశాఖంలో పటేలు బావికి పూడిక పని వచ్చింది. మునినారాయణ లోపల మట్టి ఎత్తుతుండగా గట్టు విరిగి మీద పడింది, మొల లోతు బురదనీళ్ళలో మునిగిపోయాడు. పైనున్నవాళ్ళు వెంటనే దిగి తాడు కట్టి లాగేశారు. గంపెడు మట్టి పైకి చేదేంత సేపు కూడా పట్టలేదు. మధ్యాహ్నం ముద్ద తీసుకొని అప్పుడే వచ్చిన హనుమక్క గంప అక్కడే పడేసి పరుగెత్తింది.

ఆమెకంటే ముందు వెంకటరాయప్ప చేరాడు. పంచె ఎగగట్టి, మునినారాయణను వెల్లకిలా తిప్పి, తొడల మీద ఎక్కి కూర్చొని రెండు చేతులా కడుపు నొక్కసాగాడు. నోటి మూలనుంచి నీళ్ళు కారాయి.

"వస్తాండాయి, నీళ్ళొస్తాండాయి!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

"అప్పా, నోట్లో బురద ఉండాది. ముందు అది తీయప్పా. బోర్లా తిప్పప్పా," అని మీద పడింది హనుమక్క.

"సర్టిఫికెట్టు నాకిచ్చినారా, నీకిచ్చినారా? యమ్మా, ఆ బిడ్డను అట్ల పట్టుకోండి!" అన్నాడు వెంకటరాయప్ప అక్కడున్న ఆడవాళ్ళతో.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కెంపమ్మ ఒక రెక్క, చెన్నమ్మ ఒక రెక్క హనుమక్కను పట్టుకున్నారు. పగతో కాదు, ప్రేమతోనే పట్టుకున్నారు. "ఏడవొద్దే, వెంకటరాయప్ప చూస్తాండాడు కదా," అని వీపు నిమిరారు. ఆమె ఏడవడం లేదు, విడిపించుకోవాలని చూస్తోంది. పగవాళ్ళయితే కొరికైనా తప్పించుకునేది. ప్రేమ పట్టు అంత సులభంగా వదలదు.

వెంకటరాయప్ప చివరికి లేచి చేతులు తుడుచుకున్నాడు. "వాని ఆయుస్సు అంతే. మనం చేసేది చేసినాం," అన్నాడు. అప్పుడు వదిలారు ఆమెను. మొగుడి నోట్లో వేలు పెడితే పిడికెడు నల్ల బురద వచ్చింది. బోర్లా తిప్పి వీపు నొక్కింది, మోచేతులు ఎత్తింది, మళ్ళీ నొక్కింది. దుఃఖంతో పిచ్చెత్తింది పాపమని అందరూ దూరంగా నిలబడ్డారు. చేతులు పడిపోయేదాకా చేసింది. మునినారాయణ లేవలేదు.

మరుసటి ఏడు అదే బడిలో మళ్ళీ తరబేతి, మళ్ళీ హనుమక్కకే వంట. పోకుండా ఏం చేస్తుంది, పొయ్యీ ఆమెదే, కడుపూ ఆమెదే. అదీగాక ఆ డాక్టరు నోట ఒక మాట వినాలని ఆమెకు ఆశ. ఎవరు ఏం చేసినా ఆ మనిషి దక్కేవాడు కాదని ఆయన అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం ఏడాదిగా ఆమెకు నిద్ర లేదు.

ఈసారి వెంకటరాయప్ప మొదటి బెంచీలో కూర్చున్నాడు. "పోయిన ఏడు నేర్చుకున్నవారెవరైనా చేసి చూపండి," అన్నాడు డాక్టరు. వెంకటరాయప్ప ఒకణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి కడుపు మీద చేతులు పెట్టాడు.

"ఆపండి! నోరు చూడకుండా కడుపు నొక్కితే ఆ నీళ్ళూ బురదా పోయేది ఊపిరితిత్తుల్లోకే. బతకాల్సినవాడు కూడా మీ చేతుల్లోనే చస్తాడు."

అందరూ నవ్వారు. "మరిచిపోయినా సార్," అని వెంకటరాయప్ప కూడా నవ్వాడు.

హనుమక్క గరిటె పొయ్యి పక్కన పెట్టి, చేతులు చీర చెరగుకు తుడుచుకొని లోపలికి వచ్చింది. ఎవర్నీ అడగలేదు. కింద పడుకున్నవాణ్ణి బోర్లా తిప్పి, తల పక్కకు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా చేసి చూపింది. నవ్వులు ఆగిపోయాయి.

"యాడ నేర్చుకున్నావమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఈడే స్వామీ. పోయిన ఏడు, ఆ కిటికీ కింద."

జరిగింది ఆయనకు తెలియదు. భేష్ అన్నాడు, ఈమెకూ సర్టిఫికెట్టు రాయమన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. గుమాస్తా పుస్తకం తెరిచి పేరు రాసుకొని, తలెత్తకుండానే మొగుడి పేరేమని అడిగాడు.

పెళ్ళాం నోట మొగుడి పేరు రాకూడదు. పక్కనున్నవాళ్ళెవరో అందుకొని చెప్పాలి, అది మర్యాద. వెంకటరాయప్ప ముందుకొచ్చాడు. "రాసుకో సామీ, ముని..."

"నువ్వు చెప్పొద్దప్పా," అంది హనుమక్క. తర్వాత గుమాస్తా వైపు తిరిగి, "మునినారాయణ," అని తానే చెప్పింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు.

గుమాస్తా రాసుకుంటూ, "ఉండాడా?" అని అడిగాడు.

"ఉండాల్సిన మనిషే స్వామీ," అంది.