అమెరికా బండి తాళం

వాకిట్లో సాన్పి చల్లి, ముగ్గు సగానికి తెచ్చేసరికి మామయ్య హెల్మెట్ పట్టుకుని బయటకు వచ్చాడు. నేను పిండి గిన్నె తీసుకుని పక్కకు జరిగాను. ముందు పోర్టికోలోంచి బండి దిగి గేటు దాటాలి. ఆ తర్వాత దాని దారిలో మిగిలిపోయిన గీతలు కలపాలి. ఏడాది పైనుంచి మా ఇంటి ముగ్గు రెండు విడతల్లోనే పూర్తవుతోంది.

ఆ గురువారం బండి దిగలేదు. మామయ్య ఎక్కి కూర్చుని బటన్ నొక్కాడు. మామూలుగా అయితే ముందు లైటు వెలుగుతుంది, మీటరు ముల్లు ఒకసారి చివరిదాకా పోయి వెనక్కి వస్తుంది, ఆపైన ఇంజను అందుకుంటుంది. ఆ రోజు లైటూ లేదు, ముల్లూ కదలలేదు. రెండు మూడుసార్లు నొక్కి చూసి, హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టాడు.

అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఆగిందా?" అని అడిగింది.

"ఆగింది," అన్నాడు మామయ్య.

అంతే. ఇద్దరూ లోపలికి వెళ్లిపోయారు. ఇంకొక్కసారి ఆగితే బండి అమ్మేస్తానని మూడు నెలల కిందట మామయ్య అత్తమ్మకు మాట ఇచ్చి ఉన్నాడు. నేను బండి పోవాల్సిన దారిలో కూడా గీతలు కలిపి ముగ్గు ముగించాను.

మాది కోదాడ పక్కన చిలుకూరు. మామయ్య పేరు ప్రభాకర్. జీవితమంతా వ్యవసాయం చేస్తూనే కోదాడలో ఎరువుల దుకాణం నడిపాడు. ఆ దుకాణం మా ఆయన వంశీకి అప్పగించిన ఏడాదే ఈ బండి కొన్నాడు. బండి కొత్తదే కానీ చూడ్డానికి మా తాతల కాలపుదిలా ఉంటుంది. అమెరికాలో వెనకటి రోజుల్లో అట్లాగే చేసేవారట. గుండ్రని పెద్ద లైటు, అంచులకు తెల్ల పట్టీ ఉన్న టైర్లు, రెండు పక్కలా తోలు సంచులు, ఎక్కడ చూసినా మన ముఖం కనబడేంత మెరుపు. దాని అసలు పేరు మా ఊళ్లో ఎవరికీ నోరు తిరగదు. అందరికీ అది అమెరికా బండే.

చాలా బరువు. వెనక్కి తీయాలంటే ఇద్దరు కావాలి. మా ట్రాక్టర్ నడిపే మల్సూర్ దాన్ని నెట్టిన ప్రతిసారీ, "పటేలా, ఇది బండి గాదు, పల్లకి. మోసెటోళ్లు ఉంటెనే ఊరేగుతది," అనేవాడు. మామయ్య కోపం తెచ్చుకునేవాడు కాదు. ఆ బండి వచ్చాక ఆయనకు కోపం తగ్గింది. పొద్దున్నే లేచి గడ్డం గీసుకోవడం, పాత నూలు పంచె చింపి దానితో బండి తుడుచుకోవడం, కాలువ గట్టున అటు పోయి ఇటు రావడం. దుకాణం వదిలేశాక మనిషి ఏమైపోతాడో అని అత్తమ్మ పడిన భయం అట్లా తీరింది.

నాకూ ఆ బండి అంటే ఇష్టమే. నేను పుట్టి పెరిగింది నడిగూడెంలో, చదివింది అక్కడి సర్కారు బడిలో. టీచరు ఉద్యోగ పరీక్షకు కోదాడలో కోచింగ్‌కు పోతుంటే మామయ్యే దింపేవాడు. వెనక సీటు కుర్చీలా ఉంటుంది. ఆయన యాభై దాటించడు, దారిలో మాట్లాడడు. ఇంజను మెల్లగా, ఎవరో దూరాన బట్టలు ఉతుకుతున్నట్టు కొడుతూ ఉంటుంది. బస్సులో పోతే చదివింది మరిచిపోయేదాన్ని. బండి మీద పోతే పాఠం మొత్తం లోపల ఒకసారి తిరిగి వచ్చేది.

ఇంజను ఒక్కనాడూ ఇబ్బంది పెట్టలేదు. ఎండాకాలం కోదాడ చౌరస్తాలో ఆగితే కాళ్లకు సెగ తగిలేది, అంతే. కానీ మూడు నాలుగు నెలలకోసారి, ఏ కారణమూ లేకుండా, పూర్తిగా మూగబోయేది. కోదాడలో జవహర్ మంచి మెకానిక్. ఆయన వచ్చి చుట్టూ తిరిగి, చేతులు వెనక్కి కట్టుకునే చూసేవాడు. చెయ్యి పెడితే వారంటీ పోతుందని ఆయన భయం. షోరూం హైదరాబాద్‌లో ఉంది. బొలెరోలో ఎక్కించి, తాళ్లు కట్టి, మూడున్నర గంటలు తీసుకుపోవాలి. వాళ్లు పది రోజులు ఉంచుకునేవారు. ఒకసారి పెద్ద బ్యాటరీ మార్చారు. ఒకసారి వైర్లన్నీ విప్పి చూశారు. ఏ లోపమూ కనబడలేదని, తమ దగ్గర ఉన్నన్ని రోజులూ ఒక్క నొక్కుకే లేచిందని చెప్పి పంపేవారు. అద్దం పగిలితే కొత్తది రావడానికి మాత్రం నెలన్నర పట్టింది.

మూడు నెలల కిందట సూర్యాపేటలో మా దగ్గరి వాళ్ల పెళ్లి. అత్తమ్మ మొదటిసారి ముచ్చటపడి, పట్టుచీర కట్టుకుని బండి మీద పోయింది. భోజనాలయ్యాక, ఫంక్షన్ హాలు ముందు సగం చుట్టాలు చూస్తుండగా బండి లేవలేదు. అందరూ తలో సలహా ఇచ్చారు. ఒకాయన చక్రానికి నిమ్మకాయ కట్టించలేదా అని అడిగాడట. చివరికి బండి బొలెరో ఎక్కింది, వీళ్లిద్దరూ బస్సెక్కారు. ఇంటికొచ్చాక అత్తమ్మ మంచినీళ్లు కూడా తాగకుండా, ఇది ఇంకొక్కసారి ఆగితే ఇంట్లో ఉండడానికి వీల్లేదంది. మామయ్య సరేనన్నాడు.

అందుకే ఆ గురువారం పొద్దున్నే ఆయన మిర్యాలగూడకు ఫోన్ చేశాడు. అక్కడ రైసు మిల్లు ఉన్న జైరాం ఏడాదిగా ఆ బండి అడుగుతున్నాడు. ఉన్నది ఉన్నట్టు, అప్పుడప్పుడు ఆగుతుందని కూడా చెప్పాడు మామయ్య. ఫర్వాలేదు, ఆదివారం వస్తానన్నాడు జైరాం. తర్వాత మామయ్య నన్ను పిలిచి, బండి కాగితాలన్నీ తీసి వరుసగా పెట్టమన్నాడు. "అన్ని ఒకచోట ఉండాలె బిడ్డా. ఆయనకు పరేషాన్ కాకూడదు," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. కానీ ఆ రోజు మధ్యాహ్నం అన్నంలో పెరుగు వేసుకోవడం మరిచిపోయి లేచాడు.

కాగితాల్లో షోరూం వాళ్ల సర్వీసు పత్రాలు మూడు ఉన్నాయి. అన్నీ ఇంగ్లిషులో, చిన్న అక్షరాల్లో. మా ఇంట్లో ఎవరూ కింది మొత్తం తప్ప పైన చదివింది లేదు. నాకు ఇంగ్లిషు చదవడం ఆలస్యమవుతుంది కాబట్టి ఒక్కో మాటా పట్టుకుని చదువుతాను. మూడు పత్రాల్లో రాసిన పనులు వేరువేరుగా ఉన్నాయి. ఒక్క వరుస మాత్రం మూడింటిలోనూ ఉంది. తాళంలో బటన్ సెల్ అయిపోయింది, కొత్తది వేశాం అని.

ఆ బండికి తాళం దూర్చే రంధ్రం ఉండదు. తాళం అంటే నల్లగా అగ్గిపెట్టెంత ఉంటుంది. అది జేబులో ఉంటే చాలు, బండి మనిషిని గుర్తుపడుతుంది. దాని లోపల గడియారంలో వేసే సెల్ లాంటిది ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మామూలుగా ఏడాదికి పైగా వచ్చే సెల్ మా దగ్గర మూడు నెలలకే ఎందుకు అయిపోతోందో తెలియలేదు. పత్రం మీది నంబరుకు ఫోన్ చేశాను. రూప అనే ఆమె మాట్లాడింది. నేను చదివింది చెప్పాను.

"మేము ప్రతిసారి రాసినం మేడం. మీరే మొదలు చదివింది," అంది. కాసేపు ఆలోచించి, "రాత్రి తాళం ఏడ పెడ్తరు?" అని అడిగింది.

"దేవుని అరలో."

"బండి?"

"పోర్టికోల."

"రెండిటికి నడుమ ఎంత దూరం ఉంటది?"

నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని పూజగదిలోకి నడిచాను. గోడలో దేవుని అర. కుంకుమ గిన్నె పక్కన ఇత్తడి పళ్లెంలో తాళాలు. గోడ మీద చెయ్యి పెట్టాను. అవతల సరిగ్గా బండి ముందు చక్రం.

"ఒక గోడ," అన్నాను.

ఆమె నవ్వింది. "ఇగ తెల్లందాక అవి రెండు ముచ్చట పెట్టుకుంటయి మేడం. ఉన్నవా అంటది బండి, ఉన్న అంటది తాళం. సెల్ ఎన్ని రోజులని ఆగుతది? జర దూరం పెట్టున్రి, పది అడుగులన్న ఉండాలె."

ఆ సాయంత్రం వంశీ కోదాడ గడియారాల దుకాణంలో సెల్ కొనుక్కొచ్చాడు. వేయగానే బండి ఒక్క నొక్కుకే లేచింది. మామయ్య చాలాసేపు నవ్వాడు. అంత చిన్న బిళ్ల కోసం మూడుసార్లు హైదరాబాద్‌కు బొలెరో కట్టించుకున్నామా అని నవ్వాడు. నవ్వు అయ్యాక ఇంజను ఆపేశాడు.

"ఇగ అమ్మక్కర లేదు గద మామయ్యా," అన్నాను.

"మాట ఇచ్చిన బిడ్డా. మీ అత్తమ్మకిచ్చిన, జైరాంకిచ్చిన. తప్పు బండిది కాదని తేలితె మాట తప్పుతనా? మంచిదే అయింది. ఆయనకు మంచి బండి పోతది."

ఇక ఆ మాట వెనక్కి ఇవ్వగలిగేది అత్తమ్మ ఒక్కతే. ఆమెకు చెప్పడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే తాళాలు దేవుని దగ్గర పెట్టే అలవాటు ఆమెది. పన్నెండేళ్ల కిందట మునగాల దగ్గర లారీ తగిలి మామయ్య స్కూటర్ మీది నుంచి పడ్డాడు. ఆరు నెలలు దవాఖానలో ఉన్నాడు. అప్పటి నుంచి ట్రాక్టర్ తాళం, కారు తాళం, ఏది ఇంటికి వచ్చినా పొద్దుగూకాక దేవుని అరలోకే పోవాలి. పొద్దున ఆమె కళ్లకద్దుకుని ఇస్తేనే బయటికి రావాలి. ఇన్నేళ్లలో ఎవరికీ చిన్న దెబ్బ తగల్లేదు. మిగతా తాళాలు ఇనుప ముక్కలు, వాటికి ఏ ఇబ్బందీ లేదు. దీని సంగతి వేరని మాకెవరికీ తోచలేదు. బండిని ఇంకోచోట పెడదామంటే పోర్టికోలో తప్ప అంతా మట్టి నేల. ఆ బరువుకు స్టాండు దిగబడి బండి పక్కకు ఒరుగుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పాను. అత్తమ్మ ఈనె తీయడం ఆపకుండానే అంతా విన్నది.

"అంటే నా దేవుడే ఆపిండంటవా బండిని?"

"దేవుడు కాదు అత్తమ్మా. గోడ."

"గోడ గూడ దేవునిదే గదనే."

ఒక కాయ ఈనె లాగి పారేసి మళ్లీ అంది. "తాళం ఆడ లేకుంటె నాకు కన్ను అంటుకోదు. ఆయనకు బండి కావాలె, నాకు ఆయన కావాలె. ఏం జేయమంటవ్?"

ఆమె చిక్కుడుకాయల చాట తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆ రాత్రీ, శనివారం రాత్రీ తాళం ఎప్పటిలాగే దేవుని అరలోకి పోయింది. నేను కాగితాలన్నీ ఒక సంచిలో సర్ది టేబుల్ మీద పెట్టేశాను.

ఆదివారం మామయ్య చీకటితోనే లేచి బండి తుడిచాడు. నేను ముగ్గు సగం వేసి ఆగాను. తొమ్మిదింటికి జైరాం కారులో వచ్చాడు, వెంట ఇంకొకాయన. జైరాం మంచివాడే. బండి చుట్టూ తిరిగి, తోలు సంచి తట్టి, "ప్రభాకరన్నా, నువ్వు దీన్ని నడిపినవా, పూజ చేసినవా? ఒక్క గీత లేదు," అన్నాడు. దాన్ని బిడ్డ లెక్క చూసుకుంటానని, మిల్లులో ప్రత్యేకంగా షెడ్డు వేయిస్తున్నానని చెప్పాడు. మామయ్య ఇంజను ఆయిల్ ఎప్పుడు మార్చాలో, వానలో ఎట్లా ఆపాలో ఒక్కొక్కటే చెబుతున్నాడు. సెల్ సంగతీ దాచలేదు. తాళం మాత్రం బండికి దూరంగా పెట్టుకొమ్మని రెండుసార్లు చెప్పాడు.

అత్తమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. ఉప్మా చేయిస్తానంటే వాళ్లు వద్దన్నారు. చాయ్ అయ్యాక జైరాం చేతులు రుద్దుకుని, "ఇగ ఒకసారి సప్పుడు ఇనిపియ్యి అన్నా," అన్నాడు.

మామయ్య లేచి పూజగదిలోకి వెళ్లాడు. ఆయన తిరిగి రావడం ఆలస్యమయ్యేసరికి నేనూ వెళ్లాను. దీపం వెలుగుతోంది. ఇత్తడి పళ్లెంలో ట్రాక్టర్ తాళం ఉంది, కారు తాళం ఉంది. ఆ నల్లటిది లేదు. మామయ్య కుంకుమ గిన్నె పక్కకు జరిపి చూశాడు, పటాల వెనక తడిమాడు. నా వైపు చూశాడు. నాకు తెలియదని తల అడ్డంగా ఊపాను.

బయటకు వచ్చేసరికి అత్తమ్మ ఖాళీ గ్లాసులు పళ్లెంలో సర్దుతోంది. వంగినప్పుడు ఆమె కొంగు ముందుకు జారింది. దాని చివర అగ్గిపెట్టెంత ముడి. గట్టిగా, రెండు చుట్లు తిప్పి వేసిన ముడి. నేను చూశాను. మామయ్యా చూశాడు. ఆయన జైరాం పక్కన కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు.

"ఏమైందన్నా, తాళం ఏది?" అన్నాడు జైరాం.

అత్తమ్మ గ్లాసుల పళ్లెం నా చేతికిచ్చింది. కొంగు నడుము చుట్టూ తిప్పి, ముడి లోపలికి పోయేలా బొడ్లో దోపుకుంది. మెట్లు దిగి, బండి పక్కనుంచి నడిచి, ముగ్గు తొక్కకుండా వాకిలి దాటింది. జైరాం "వదినె ఎటు పోతున్నది?" అని అడిగినా వెనక్కి చూడలేదు. గేటు తీసి, మళ్లీ దగ్గరికి వేసి, కాలువ దారిన పొలం వైపు వెళ్లిపోయింది.