పొగ లేని చెయ్యి

మా ఆడపడుచు ఇఖ్లాస్ పెళ్ళికి ఖుమ్రా కలిపే పని చిన్నత్త బతూల్‌ది. ఆవిడ మా అత్తగారి చెల్లెలు. ఒమ్‌దుర్మాన్‌లో మా పేటలో పెళ్ళైన ఆడవాళ్ళు పూసుకునే ఖుమ్రా అత్తరులో సగం ఆవిడ గిన్నెలోంచి వచ్చిందే. మహలబ్ గింజల పొడి, లవంగాల పొడి, చందనం పొడి పంచదార పాకంలో వేసి మాడీ మాడకుండా వేయించాలి. గిన్నె బోర్లించి చందనపు చెక్కల పొగ పట్టించాలి. ఆపైన నూనెలు కలిపి, మళ్ళీ పొగ పట్టించి, వారాల తరబడి మాగబెట్టాలి. ఈసారి ఆ పని సగంలో ఉండగా చిన్నత్త భర్త పోయాడు. పెళ్ళి తేదీ మాత్రం మార్చొద్దని ఆయనే చెప్పి పోయాడు.

భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు పాటించే ఇద్దత్ గడువులో ఉన్న మనిషి ఒంటికి సువాసన తాకనివ్వకూడదు. గిన్నె, గరిటె పట్టుకోవడంలో తప్పు లేదు. కానీ ఖుమ్రా కలిపేవాళ్ళకు గిన్నెకన్నా ముంజేయి ముఖ్యం. సీసాలో వాసనను ఎవరూ నమ్మరు. చేతికి రాసుకుని, పనులు చేసుకుని, చెమట పట్టాక మళ్ళీ చూస్తే అప్పుడు తెలుస్తుంది అదేమిటో.

"నా చెయ్యి నాలుగు నెలలకు పైగా పనికిరాదు," అంది చిన్నత్త, తెల్లటి తోబ్ నెత్తిమీదికి లాక్కుంటూ. "మా అక్కకు ఏది రాసినా దద్దుర్లు. ఇఖ్లాస్ ఇంకా పెళ్ళికాని పిల్ల, దాని ఒంటికి ఖుమ్రా తగలకూడదు. ఇరుగుపొరుగును పిలిస్తే సాయంత్రానికల్లా ఖుమ్రా ఇంకా కుదరలేదని పేటంతా తెలుస్తుంది. ఇక మిగిలిందెవరు?"

అందరూ నావైపు చూశారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి రెండు నెలలు కూడా కాలేదు.

"నేను రాసుకుంటే మీరు వాసన చూడొచ్చా చిన్నత్తా?"

"పూసుకోవడమే కూడదు పిల్లా. నా ముక్కుకేం ఇద్దత్ లేదు."

ఇఖ్లాస్‌కు కాబోయే అత్తవారు పోర్ట్ సుడాన్ వాళ్ళు. పెళ్ళికూతురి పెట్టె తెరిచి చూపించే రోజున వరుడి తల్లి హాజా నియామత్ ముందుగా ఖుమ్రా సీసా తీసి తన చేతికి రాసుకుంటుంది. వచ్చినవాళ్ళందరి ముందూ రాసుకుంటుంది. ఆ సాయంత్రం వాళ్ళు సెలవు తీసుకునే వేళకు ఆ చేతి మీద వాసన మిగిలితే సరి. మిగలకపోతే ఇఖ్లాస్‌ను ఆ ఇంట్లో ఎప్పటికీ నీళ్ళ ఖుమ్రా పిల్ల అంటారు. వెనకటికి ఒకావిడకు అలాంటి పేరు పడి, మనవలు పుట్టినా పోలేదట.

నాకు ఆ పని ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ రోజుల్లో నాకు అన్నీ ముచ్చటగానే ఉండేవి. కాఫీ వడకట్టడానికి కూజా మూతిలో కుక్కే ఈతపీచు ముచ్చట. మా ఆయన హాతిమ్ ఆఫీసునుంచి వచ్చి తాళంచెవిని తప్పు కన్నంలో పెట్టడం ముచ్చట. స్నానాల గది మూల నాకోసం అతను తవ్విన పొగ గుంట అన్నిటికన్నా ముచ్చట. గుంటలో తల్హ్ తుమ్మ కట్టె రాజేసి, చాప మీద కూర్చుని, మెడదాకా కంబళి కప్పుకుని, చెమటలు కారేదాకా పొగ వేసుకునేదాన్ని. పెళ్ళికి ముందు నెలంతా వేసుకున్నాను. పెళ్ళయ్యాక కూడా రెండు రోజులకోసారి తప్పేది కాదు. నా చర్మం తేనె రంగుకు తిరిగింది.

ఖుమ్రా ఆ చేతికే రాశాను. వెంటనే మాడిన పంచదార వాసన, కాస్త చేదుగా. తర్వాత లవంగం ముక్కును గిల్లింది. బట్టలు ఆరేసి వచ్చేసరికి లవంగం తగ్గి మహలబ్ పైకి వచ్చింది, చేదు బాదం పప్పును పాలతో నూరినట్టు. మధ్యాహ్నానికి అవన్నీ కలిసిపోయి చందనం మిగిలింది. దాని అడుగున ఇంకేదో వెచ్చగా, లోతుగా ఉంది.

చిన్నత్త నూనె అంటకుండా నా మోచేతిని గుడ్డతో పట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూసింది.

"అడుగు బాగుంది," అంది. "చివర ఏముంది అనేదే ఖుమ్రా. ఇక సీసాల్లో పోసెయ్యొచ్చు."

హాతిమ్ కూడా బాగుందన్నాడు. అతని మాట లెక్కలోకి రాదని మా అత్తయ్య అంది. "వాడికి నువ్వు కిరసనాయిలు పూసుకున్నా బాగానే ఉంటుంది."

సీసాల్లో పోసిన మర్నాడు నేను కిస్రా అట్లు పోస్తుంటే ఇఖ్లాస్ వచ్చి వెనక నిలబడింది.

"వదినా, నన్ను తిట్టనని ఒట్టెయ్."

"ముందు సంగతి చెప్పు."

"నేను పూసుకున్నా."

అట్టు మాడింది. "ఖుమ్రానా? పెళ్ళికి ముందా?"

"మోచేతి లోపల, ఒక్క చుక్క. నా పెళ్ళి అత్తరు ఎలా ఉంటుందో నాకు తెలియక్కర్లేదా?"

"సరే, ఎలా ఉంది?"

"అదే వదినా, లేదు."

"లేకపోవడమేంటి?"

"పంచదార వచ్చింది, లవంగం వచ్చింది, తర్వాత ఒట్టి నూనె. ఇప్పుడు చూడు."

చూశాను. సబ్బు, ఆ వెనక కాస్త జిడ్డు వాసన. అంతే. అదే పూట అదే సీసాలోంచి రాసుకున్న నా ఎడమ చేయి మాత్రం గదంతా పరిమళిస్తోంది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి మార్చి మార్చి వాసన చూశాం. అప్పుడు నాకు తోచి, ఏమీ రాయని నా కుడి చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. ఆ వెచ్చదనం, ఆ లోతు అక్కడే ఉన్నాయి. మేమంతా మెచ్చుకున్న అడుగు వాసన ఖుమ్రాది కాదు. నా చర్మంలో ఇంకిన తుమ్మ కట్టె పొగది.

హాజా నియామత్ భర్త ఓడ మీద పనిచేస్తాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు సముద్రంలోనే. మొగుడు ఊళ్ళో లేని ఆడది పొగ వేసుకోదు. ఆవిడ చేయి ఇఖ్లాస్ చేయిలాగే ఉంటుంది.

అత్తయ్యతో కలిసి మేమిద్దరం చిన్నత్త దగ్గరికి వెళ్ళాం. ఇఖ్లాస్ పేరెత్తకుండా సంగతి చెప్పాను. ఆవిడ నా రెండు చేతులూ వాసన చూసి, తలెత్తి అడిగింది.

"పొగ లేని చేతి మీద అది నిలవడం లేదని నీకెలా తెలిసింది? ఎవరి చేతి మీద చూశావ్?"

ఇఖ్లాస్ పైకప్పు వైపు చూస్తోంది.

"ఇఖ్లాస్, పైకప్పులో ఏముందే?"

"ఏం లేదు పిన్నీ. బల్లి."

చిన్నత్త తిట్టలేదు. మంచం పట్టె మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. "నా చెయ్యి ఎంత కలుపుతుందో, ఎంత తీసేస్తుందో నాకు తెలుసు. ఆ లెక్కే ఈ పిల్ల చేతికీ వేశాను. కొత్త పెళ్ళికూతురు, రెండు రోజులకోసారి పొగ వేసుకుంటుందని మరిచిపోయాను." నావైపు తిరిగి అంది, "పొగ మానెయ్యాలి నువ్వు. ఈ చర్మం రాలి కొత్తది రావాలి."

మా అత్తయ్య గుండె మీద చెయ్యి వేసుకుంది. "మూడో నెల కూడా నిండని కోడలు పొగ మానేస్తే వీధి ఏమనుకుంటుందే?"

"మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవట్లేదనుకుంటుంది. ఇంకేమనుకుంటుంది?"

"అసలు సంగతి చెబితే?" అన్నాను.

"చెబితే బతూల్ ఖుమ్రా చెడిందని పోర్ట్ సుడాన్ దాకా పోతుంది. అప్పుడు దాన్ని బాగుచేసినా ఒకటే, చెయ్యకపోయినా ఒకటే," అంది చిన్నత్త.

సాయంత్రం టీ తాగుతూ హాతిమ్‌కు చెప్పాను. ఎవరితోనూ అనొద్దని కూడా చెప్పాను. అతను కప్పు కింద పెట్టాడు.

"అంటే నీ వాసన మారిపోతుందా?"

"మారుతుంది."

"ఎలా ఉంటుంది?"

"సబ్బులా."

నీటి సరఫరా ఆఫీసులో ఫైలు చూసేటప్పుడు పెట్టే మొహం పెట్టి ఆలోచించాడు. "సబ్బు కూడా మంచి వాసనే," అన్నాడు.

వారం తిరిగేసరికి పక్కింటి రుకయ్యా అక్క గోడ మీంచి పలకరించింది.

"ఏం విసాల్, కట్టె అయిపోయిందా? మా ఇంట్లో ఉంది, పంపనా?"

"ఉంది అక్కా."

"ఉంటే మరి? మీ ఆయన ఊళ్ళో లేడా?"

"ఉన్నాడు."

"ఊఁ," అంది రుకయ్యా అక్క. ఆ ఊఁ వీధి చివరిదాకా నడుచుకుంటూ వెళ్ళింది. బజార్లో ఆడవాళ్ళు నాతో మెత్తగా, జబ్బు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకావిడ ఊరికే నా తల నిమిరింది. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

ఆ ఊఁ వద్ మదనిలో ఉన్న మా అమ్మను కూడా చేరింది. మా అమ్మ ఒక రోజు పొద్దున్నే బస్సు దిగింది, నెత్తిన తుమ్మ కట్టె గోతంతో. నా మెడ వాసన చూసి, పెదవులు బిగించి, తిన్నగా హాతిమ్ ముందుకు వెళ్ళి కూర్చుంది.

"బాబూ, తప్పు మా పిల్లదైతే చెప్పు, నేను బుద్ధి చెబుతాను. నీదైతే అది కూడా చెప్పు."

నేను నోరు తెరిచేలోపే హాతిమ్ అన్నాడు, "నాదే అత్తయ్యా. పొగకు నాకు దగ్గొస్తోంది. నేనే మానెయ్యమన్నాను."

మా అమ్మ అతని ఛాతీ వైపు చూసింది. "దగ్గా? పొగకు దగ్గే మగాడికా నా పిల్లనిచ్చాను?"

హాతిమ్ దగ్గి చూపించాడు.

"దగ్గడం కూడా సరిగ్గా రాదు," అంది మా అమ్మ నాతో.

ఉన్నన్నాళ్ళూ పూటపూటకూ అతనికి మెంతుల కషాయం కాచి పోసింది. అతను ముక్కు మూసుకుని తాగాడు. గ్లాసు నాకు తిరిగిచ్చేటప్పుడు మాత్రం కళ్ళలో నీళ్ళు. పెళ్ళిలో పెట్టిన బంగారంకంటే ఆ గ్లాసే నాకు ఎక్కువ సంతోషమిచ్చింది. మా అమ్మ మిగిలిన మెంతులు అత్తయ్యకు అప్పగించి ఊరికి వెళ్ళింది.

ఈలోగా నా చేతుల మీది తేనె రంగు పొరలు పొరలుగా రాలిపోయింది. కింద చర్మం పాలిపోయి, ఏ వాసనా లేకుండా, ఎవరిదో చేయిలా ఉంది. చిన్నత్త సీసాలన్నీ మళ్ళీ గిన్నెలోకి వంపింది. నేను రాసుకుని చూస్తే సరిగ్గా ఇఖ్లాస్ చెప్పినట్టే అయింది. పంచదార, లవంగం, ఆ తర్వాత నూనె.

మళ్ళీ గిన్నె బోర్లించి చందనపు పొగ పట్టించాం. ఈసారి పాత చందన తైలం, ఇంకాస్త మహలబ్ కలిపాం. ప్రతిసారీ నేను రాసుకుని, వాకిలి ఊడ్చి, బీన్స్ ఏరి, వచ్చి చేయి చాపేదాన్ని. "ఇంకా లేదు," అనేది చిన్నత్త. మరోసారి, "వచ్చి పోయింది." మరోసారి పొగ మరీ ఎక్కువై, "వంటింట్లో నిప్పంటుకున్నట్టుంది, కడుక్కో ఫో," అంది. మళ్ళీ పాకం కలిపి దాన్ని తగ్గించాం.

పెళ్ళి దగ్గర పడ్డాక ఒక రోజు రాసుకుంటే లవంగం తొందరగా తప్పుకుంది. మహలబ్ వచ్చి చాలాసేపు కూర్చుంది. తర్వాత ఏమీ లేనట్టే అయింది. ఇక పోయిందే అనుకుంటూ పిండి కలిపి, చేతులు కడుక్కున్నాను. అప్పుడు వచ్చింది చందనం. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కే ముసలావిడలా ఆగి ఆగి వచ్చింది. వచ్చాక మాత్రం కదల్లేదు. ఒట్టి చర్మం మీద, ఏ సాయమూ లేకుండా, అడుగు తనంతట తనే నిలబడింది.

చిన్నత్త వాసన చూసి, "మూత పెట్టు," అంది.

పెట్టె చూపించే రోజున చిన్నత్త రాలేదు. ఇద్దత్‌లో గుమ్మం దాటకూడదు. "హాజా నియామత్ చేతి మీద ఎప్పుడెప్పుడు ఏం మారిందో నాకు చెప్పాలి," అని నాకు పని అప్పగించింది. పరాయి మనిషి చెయ్యి పట్టుకుని వాసన చూడటం ఎలా? కౌగిలించుకోవడం ఒక్కటే దారి.

గుమ్మంలో హాజా నియామత్‌ను కౌగిలించుకున్నాను. ఏలకులు, ఇస్త్రీ బట్ట. ఇంకేం లేదు. ఆవిడ సీసా తీసి, మూత విప్పి, ముంజేతికి రాసుకుని, పక్కన పెట్టింది. టీ ఇచ్చి కౌగిలించుకున్నాను. లవంగం పోతోంది. ఆవిడ నా గాజులు బాగున్నాయంటే ఆ వంకతో మళ్ళీ కౌగిలించుకున్నాను. మహలబ్. భోజనాలయ్యాక వెళ్ళి చూస్తే ఏమీ లేదు. ఇఖ్లాస్ దూరం నుంచి నా మొహంలోకే చూస్తోంది.

"ఈ పిల్లకు మనుషులంటే ఇంత ప్రేమేమిటి?" అంది హాజా నియామత్ తోబ్ సర్దుకుంటూ.

"మదని వాళ్ళంతే, అతుక్కుపోతారు," అంది మా అత్తయ్య.

సెలవు తీసుకునే వేళ ఆఖరిసారి కౌగిలించుకున్నాను. వదిలిపెట్టబోతూ ఆగిపోయాను. చందనం వచ్చేసింది. హాజా నియామత్ కూడా చేతిని ముక్కుకు ఆనించుకుంది. ఇంకోసారి ఆనించుకుంది. మెప్పు మాట ఒక్కటీ అనలేదు. పెట్టెలోంచి ఆ సీసా తీసి, చేతిరుమాలులో చుట్టి, తన సంచీలో వేసుకుని బయల్దేరింది. ఇఖ్లాస్ నన్ను పట్టుకుని నా భుజం కొరికింది.

నేను పరుగున చిన్నత్త ఇంటికి వెళ్ళాను. ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది, లాంతరు గ్లాసు తుడుస్తూ.

"లవంగం ఎప్పుడు పోయింది?"

"టీ అయ్యేసరికి."

"మహలబ్?"

"భోజనాల దాకా ఉంది. తర్వాత కాసేపు ఏం లేదు చిన్నత్తా, చచ్చాననుకున్నా. వెళ్ళేటప్పుడు చందనం వచ్చింది."

"ఆవిడేమంది?"

"ఏమీ అనలేదు. సీసా సంచీలో వేసుకుంది."

"అడిగి వేసుకుందా, అడక్కుండానా?"

"అడక్కుండా."

చిన్నత్త గ్లాసు పక్కన పెట్టింది. "అడిగి తీసుకుంటే మర్యాదకు. అడక్కుండా తీసుకుంటే మనసై." పైకి నవ్వలేదు గానీ మొహం విచ్చుకుంది. "అంటే ఇఖ్లాస్‌కు ఒక సీసా తగ్గింది. ఆ మహలబ్ సంచీ ఇటు జరుపు పిల్లా, రేపు పొద్దున్నే గిన్నె ఎక్కిద్దాం."