మంచు మీద వచ్చిన తేనెపెట్టెలు

మా ఆయన రపోలాస్ మా ఊరి చరిత్ర రాయడం మొదలుపెట్టి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో వర్నుపే ఊరు నాలుగు వందల ఏళ్లు ముందుకు నడిచింది, మా పెరటి కంచె మాత్రం పడినచోటే పడి ఉంది. బంగాళాదుంపలు నేనే తవ్వుతాను, కట్టెలు నేనే పేరుస్తాను, ఆయనగారి చరిత్రకి టైపు కూడా నేనే కొడతాను. కౌనస్ పట్నంలో రసాయనశాస్త్రం చదివాను కదా, దోసకాయలు ఊరబెట్టడానికి ఉప్పు కొలవడంలోనూ, మొగుడి అచ్చుతప్పులు దిద్దడంలోనూ ఆ డిగ్రీ బాగానే పనికొస్తోంది.

పుస్తకంలో అన్నీ ఉన్నాయి. సంత పెట్టుకోమని రాజుగారిచ్చిన పత్రం, రెండుసార్లు కాలిన చర్చి, అవిసె పండించి మేడలు కట్టినవాళ్లు, తాగి బావిలో పడ్డ పోస్ట్‌మాస్టరు. సంతవీధిలో సగం ఇళ్లు తమవై ఉండి, ఒక్క వేసవిలో మనుషులే లేకుండా పోయిన యూదులకి ఒకటిన్నర పేజీ. అది చాలదన్నాను. చోటు లేదన్నాడు. పోస్ట్‌మాస్టరుకి రెండు పేజీలున్నాయి.

తొంభై ఏడో పేజీలో మా రెండిళ్ల సంగతి ఉంది. మా తాత సిల్వెస్త్రాస్, రపోలాస్ తండ్రి క్లెమెన్సాస్ తేనెచుట్టాలు. మా వైపు తేనెటీగల్ని అమ్మరు, కొనరు. ఒకరి పెట్టెలోంచి లేచిన గుంపు ఇంకొకరి పెరట్లో వాలితే ఆ రెండిళ్లూ చుట్టాలైపోతాయి. ఈగలు చనిపోతే పారెయ్యరు, పాతిపెడతారు. ఆ చుట్టరికంలో మోసం చేసినవాడి పక్కన చర్చిలో ఎవరూ కూర్చోరు.

పంతొమ్మిది వందల నలభై తొమ్మిది మార్చి ఇరవై అయిదున సర్కారు లారీ వచ్చి మా తాతనీ, అమ్మమ్మనీ, పదిహేనేళ్ల మా అమ్మనీ సైబీరియాకి ఎక్కించుకుపోయింది. ఏడేళ్లకి అమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. దిక్కులేకుండా మిగిలిన ఏడు తేనెపెట్టెల్నీ క్లెమెన్సాస్ తన కొట్టానికి తెచ్చి కాపాడాడని ఊరంతా చెప్పింది. ఆ మంచితనం గురించి వింటూ పెరిగి నేను ఈ ఇంటి కోడలినయ్యాను. మా అమ్మ బతికినన్నాళ్లూ ప్రతి నవంబరులో, చనిపోయినవాళ్ల పండుగ రోజున, తన తండ్రికి సమాధి లేదు కాబట్టి క్లెమెన్సాస్ సమాధి మీద దీపం పెట్టేది.

శనివారం ప్రెస్సు నుంచి ప్రూఫులొచ్చాయి. సోమవారం పొద్దుటి బస్సులో తిరిగి వెళ్లాలి. ఆ తర్వాత అచ్చయిందే మా ఊరికి నిజం. ఆదివారం పూజ నుంచి వచ్చి తొంభై ఏడో పేజీ తీశాను. "ఏడు పెట్టెల్నీ గుర్రబ్బండి మీద తెచ్చాడు" అని ఉంది. నేను టైపు కొట్టింది మంచుబండి, చక్రాల్లేకుండా మంచు మీద జారేది. మా రెండిళ్ల మధ్య ఏరు గడ్డకట్టి ఉందనీ, మంచుబండి మీద దాటించారనీ అత్తయ్య బర్బొరా చెబుతుంటే కొట్టాను.

ఆవిడ బల్లకి ఆ చివర కూర్చుని ఊరగాయలోకి సోయాకూర తుంచుతోంది.

"రపోలాస్, మంచుబండికి చక్రాలెప్పుడొచ్చాయి?"

"వాక్యం బాగుంటుందని మార్చానులే."

"కామా మార్చడానికి మూడు రోజులు నా బుర్ర తినేవాడివి. బండి మార్చినప్పుడు చెప్పాలనిపించలేదా?"

"ఊరగాయ సంగతి చూడు, అల్దోనా."

"ఆ ఏడు మార్చి ఇరవై రెండున ఏటి మీద మంచుగడ్డ పగిలి మిల్లు చక్రం విరిగిందని అరవయ్యో పేజీలో నువ్వే రాశావు. మావాళ్లని తీసుకెళ్లింది ఇరవై అయిదున. ఆ తర్వాత మంచుబండి మీద ఏరు దాటడానికి మీ నాన్నేమైనా నీళ్ల మీద నడిచే ఏసుప్రభువా?"

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. శుభ్రంగానే ఉంది అది.

"అంటే మావాళ్లింకా ఇంట్లో ఉండగానే పెట్టెలు వచ్చేశాయి. నీకెప్పటి నుంచి తెలుసు?"

"ఏప్రిల్ నుంచి. మిల్లు చక్రం విరిగిన తేదీ చూసినప్పుడు."

ఇది జులై. మూడు నెలలుగా నా ఎదురుగా కూర్చుని బీట్‌రూట్ సూప్ తాగాడు. మీగడ ఇంకాస్త వెయ్యమన్నాడు. వేశాను.

"ఒక్క మాట కోసం మా నాన్న సమాధి మీద ఊరందరిచేతా ఉమ్మించమంటావా?" అన్నాడు.

"ఆ సమాధి మీద మా అమ్మ దీపాలు పెట్టింది. నేను పక్కన అగ్గిపెట్టె పట్టుకు నిలబడ్డాను. మూడు నెలల కిందటే నువ్వు నాకు చెప్పాల్సింది."

నేను అత్తయ్య వైపు తిరిగాను.

"మా తాత పెట్టెలు ఎందుకిచ్చాడు, అత్తయ్యా?"

"మీ పాకలో ఎలకలు పడ్డాయని..."

"పడ్డాయా?"

ఆవిడ చేతులు ఆగాయి. "లేదు. మీ మామగారే చెప్పారు, ఎలకలు చూశాను, ఎండలొచ్చేదాకా మా కొట్టంలో ఉంచుతానని. అడిగింది తేనెచుట్టం కదా, మీ తాత మారు మాట్లాడలేదు. పెట్టెలకి తనే గడ్డి చుట్టి తాళ్లు కట్టాడు. మెల్లగా పోనివ్వు, లోపల నిద్రపోతున్నాయి అన్నాడు."

"మావాళ్లని తీసుకెళ్తారని మామగారికి ఎలా తెలుసు?"

"అప్పుడు సర్కారు ఆఫీసులో బండి తోలేవారు. లారీ ఎక్కించబోయేవాళ్ల పేర్లు అక్కడే విన్నారు."

"ఈగల్ని తీసుకొచ్చి మనుషుల్ని వదిలేశారా?"

"మనుషులకి చెబితే పారిపోతారే. పారిపోతే ఎవరు చెప్పారని మా మీదికొస్తారు. ఈగలు ఎవరికీ చెప్పవు."

"అమ్మా, ఇక చాలు. అందరూ భయపడిన రోజులవి. నాన్న ఒక్కడేనా?" అన్నాడు రపోలాస్.

"నువ్వు నోరుముయ్యి," అంది ఆవిడ. "నాన్నని కాపాడుతున్నాననుకుంటున్నావు. ఆయన పెట్టెలు తెచ్చిన సాయంత్రం కోటు తొడుక్కున్నారు, వెళ్లి చెప్పేసి వస్తానని. గుమ్మానికి అడ్డంగా నిలబడింది నేను. పిల్లాడి కడుపు మాడకుండా తేనె మాత్రం వస్తే చాలు, ఊరుకోండి అన్నాను. ఆయన కోటు విప్పేశారు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, ఆ తేనె నోట్లో పెట్టుకోలేదు. నేను తిన్నాను."

ఆవిడ తడిచేతులు ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూసింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆవిడ నన్ను అలా చూడటం అదే మొదలు.

"మీ అమ్మ దీపం పెట్టినప్పుడల్లా చెబుదామనుకున్నా. చెప్పలేదు. అదీ తప్పే. భయపడి చేశానని తప్పించుకోను అల్దోనా, భయం అందరికీ ఉంది. ఆపకపోతే ఆయన వెళ్లేవారు. తప్పు చేశాను. తెలిసే చేశాను."