మెడ చుట్టూ అరంగుళం

గడప దాటబోతున్న కూతురి యూనిఫాం చొక్కాకి కాలరు బొత్తం పెట్టలేదని తల్లి కంట పడింది. పైగా దాని మీద స్కార్ఫు.

"పిట్టా, ఆగు. ఆ బొత్తం పెట్టుకోవేం?"

"ఉక్కగా ఉందమ్మా."

ఉక్కపోసేవాళ్లు మెడకి స్కార్ఫు చుట్టుకుంటారా? తల్లి ఆ మాట పైకి అనలేదు. మనసులో ఓ మూల దాచుకుంది. అక్కడ అప్పటికే చాలా ఉన్నాయి. ఉద్యోగం చేసే పార్సిల్ ఆఫీసు తెరిచేది తొమ్మిదింటికైతే ఈ పిల్ల ఐదున్నరకే బయల్దేరడం. సంచికి కొత్తగా తాళం వేయడం. ఉడకబెట్టిన గుడ్లు ఆరు తినడం. మెట్లు దిగేటప్పుడు ముసలమ్మలా కమ్మీ పట్టుకుని, పళ్ల బిగువున మూలుగు ఆపుకోవడం.

ఆమెది బట్టలు సరిచేసే షాపులో ఇరవై రెండేళ్ల పని. ప్యాంట్లు పొట్టి చేయడం, నడుము వదులు చేయడం, జిప్పులు మార్చడం. మనిషి మాట నమ్మాలో వద్దో ఆమెకెప్పుడూ తెలిసేది కాదు గానీ, టేపు మాట నమ్మేది. ఒక్కసారి మాత్రం టేపు చెప్పినా వినిపించుకోలేదు.

రెండేళ్ల కిందట ఇదే చొక్కా, ఇదే కాలరు. మెడ అరంగుళం పెరిగిందని చూసి, "ఒళ్లు చేసింది నా తల్లి" అని మురిసిపోయి, బొత్తం అరంగుళం జరిపి కుట్టింది. నాలుగు నెలలకి డాక్టరు దాన్ని గడ్డ అన్నాడు, లింఫు గ్రంథుల కేన్సరు అన్నాడు. ఇనప కమ్మీకి ఇనప చక్రాలు తగిలించి, భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే పోటీల్లో నూటపది కిలోలు మోసి రెండు పతకాలు తెచ్చిన పిల్ల, ఆర్నెల్ల మందులకి నలభై ఒక్క కిలోకి దిగిపోయింది. వైద్యం ముగిసి ఏడాది దాటింది. బొత్తం జరిపిన సంగతి తల్లి ఇప్పటికీ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

కొత్త చొక్కా కుడతానని వంక పెట్టి ఆ సాయంత్రం మెడ కొలిచింది. పదమూడు ఉండాల్సింది పదమూడున్నర.

టేపు చేతిలోంచి జారిపోయింది. "ఏమైందమ్మా?" అంది కూతురు. "చెమట" అంది తల్లి.

జబ్బు తిరగబెట్టింది. పిల్ల దాస్తోంది. పొద్దున్నే వెళ్లి ఎక్కడో సూదులు పొడిపించుకుని వస్తోంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సు, "మొన్న స్కాన్ శుభ్రంగా ఉందమ్మా" అంది. ఈ నర్సు కూడా పిల్లతో కలిసి దాస్తోంది అనుకుంది తల్లి. మర్నాడు మళ్లీ చేసింది. ఆ మర్నాడూ చేసింది.

షాపులో కటింగు మాస్టారు ఆమె వాలకం చూసి ఏంటని అడిగితే, ఎవరో కస్టమరు సంగతిలా చెప్పింది.

"మెడ పెరిగితే కాలరు పెంచుతాం, మనకెందుకు చెల్లెమ్మా" అన్నాడాయన కత్తెర ఆపకుండా. "ఆవిడెవరో మూటలు మోస్తోందేమో."

ఆ మాటతో ఆమె భయానికి ఇంకో గది తెరుచుకుంది. పార్సిల్ ఆఫీసువాళ్లు కౌంటరులో ఉద్యోగమని చెప్పి పిల్ల చేత మూటలు మోయిస్తున్నారా?

మర్నాడు అదే బస్సులో వెనక సీట్లో ముఖం దాచుకుని కూర్చుంది. కూతురు పార్సిల్ ఆఫీసు దగ్గర దిగలేదు. రెండు స్టాపులు దాటాక దిగి, టైర్ల కొట్ల సందులోకి తిరిగి, సగం ఎత్తిన షట్టరు కింద నుంచి ఓ రేకుల షెడ్డులోకి దూరింది. తల్లి కాసేపు బయటే తచ్చాడింది. లోపల ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు. ఇక ఆగలేక వంగి లోపలికి వెళ్లింది.

కమ్మీ భుజాల మీద ఉంది. కూతురు దాంతోపాటు కిందికి దిగుతోంది. ముఖం ఎర్రబారి, మెడ నరాలు తాళ్లలా తేలి ఉన్నాయి. తల్లి గొంతెత్తలేదు. కేకేస్తే పిల్ల ఉలిక్కిపడి వదిలేస్తుందని, కమ్మీ మళ్లీ స్టాండు మీదికి చేరేదాకా కదలకుండా నిలబడింది.

"ఎవరు కావాలండీ?" అంది ఒకావిడ. మెడలో విజిల్, పొట్టి జుట్టు, యాభై ఐదేళ్లుంటాయి. కోచ్ అయ్యుండాలి.

"ఆ పిల్ల తల్లిని."

కూతురి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. కోచ్ మాత్రం కుర్చీ జరిపింది. "రండి కూర్చోండి. అప్పుడు సంతకం పెట్టి పంపారు, ఒక్కసారైనా వస్తారేమో అని ఐదు నెలల్నించీ చూస్తున్నాను."

"ఏం సంతకం?"

కోచ్ ఫైలు తీసింది. డాక్టరిచ్చిన ఉత్తరం, దాని కింద ఇంకో కాగితం. పెద్ద జబ్బు నుంచి లేచి వచ్చినవాళ్లకి ఆమె పెట్టిన నియమం అది. జ్వరం గానీ వాపు గానీ కనిపిస్తే వెంటనే చెబుతామని ఇంట్లో ఒకరు రాసివ్వాలి. అడుగున తల్లి సంతకం, ముత్యాల్లా.

తల్లి దాన్ని వెలుతుర్లో పెట్టి చూసింది. "ఇది నాది కాదు. మూడో అక్షరం దగ్గర నా చెయ్యి ఆగుతుంది. ఇది ఎక్కడా ఆగలేదు."

కోచ్ ఫైలు మూసేసింది. "బెల్టు విప్పు."

"మేడమ్, ఆదివారం పోటీ..."

"విప్పమన్నాను. ఇంట్లో కనిపెట్టేవాళ్లు లేకుండా ఐదు నెలలు నీ మీద బరువు పెట్టాను." తర్వాత తల్లివైపు తిరిగింది. "మీరు వద్దంటే ఇవాళతో సరి. పోటీలో పేరు కొట్టేస్తాను. ఇంకే షెడ్డూ రానివ్వదు, ఆ సంగతి నేను చూసుకుంటాను."

కోరుకున్నది ఒళ్లో వచ్చి పడింది. ఒక్క మాట చాలు. కానీ కోచ్ ఇంత తేలిగ్గా ఒప్పుకుందంటే ఇందులో ఏదో ఉందనిపించింది తల్లికి.

"డాక్టరు ఉత్తరం కూడా నువ్వే రాశావా?"

"అది అసలైందే అమ్మా."

"ఏమో. నీ చేతివాటం చూశాక ఎలా నమ్మను?"

కోచ్ ఆసుపత్రికి ఫోన్ కలిపింది. స్పీకరు పెట్టమంది తల్లి. రాత్రి డ్యూటీ దిగబోతున్న నర్సు గొంతు గుర్తుపట్టింది. "మళ్లీ మీరేనా అమ్మా. నాలుగు రోజుల్లో నాలుగోసారి. ఉత్తరం మేమిచ్చిందే. కొంచెం కొంచెంగా మొదలెట్టమన్నారు డాక్టరుగారు. మీకంత అనుమానంగా ఉంటే ఇవాళే తీసుకురండి, మెడ చూస్తారు."

ఫోన్ పెట్టేశాక కూతురు బల్ల మీద కూర్చుని బెల్టు చుట్టచుడుతోంది.

"చెబితే వద్దంటావని చెప్పలేదు."

"అంటాను."

"అందుకే మరి." బెల్టు పక్కన పెట్టింది. "ఆర్నెల్లు అందరూ నన్నే ఎత్తారమ్మా. మంచం మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి బాత్రూంకి. నువ్వెత్తావు, నీ నడుం ఇప్పటికీ పట్టేస్తుంది. ఓ రోజు పక్క మంచం అవ్వ కూడా ఓ చెయ్యేసింది, ఆవిడకే సెలైను ఎక్కుతుంటే. ఇప్పుడు నేను ఏదైనా ఎత్తాలి. అంతే."

"అందుకు కూరల సంచి లేదా?"

"దాన్ని నువ్వు ముట్టుకోనివ్వవుగా."

అదీ నిజమే. తల్లి సంచిలో చెయ్యి పెట్టి టేపు తీసింది. "ఇలా రా. వెనక్కి తిరుగు."

ఇంట్లో ఆమె మెడ చుట్టూ కొలిచింది. చుట్టూ కొలిస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది, ఎక్కడ పెరిగిందో తెలియదు. ఒక భుజం దిగినవాళ్లకి కుట్టేటప్పుడు సగం సగం కొలవాలని షాపులో చేరిన మొదటి నెలలోనే నేర్పారు. భయంలో అది మరిచింది. ఇప్పుడు వెనక వెన్ను ఎముక నుంచి గొంతు గుంట దాకా కుడిపక్క కొలిచింది. తర్వాత ఎడమపక్క. టేపు జారిందేమోనని మళ్లీ కొలిచింది. మూడోసారి కూడా.

కుడి ఆరూముప్పావు. ఎడమ ఆరూముప్పావు.

జబ్బప్పుడు కాలరు కుడివైపే లాగేది. బొత్తాల పట్టీ వంకరగా నిలబడేది. కుట్టు సరిగ్గా పడలేదేమో అనుకుంది అప్పుడు. వేళ్లతో దవడ కింద నొక్కింది. బఠాణీ గింజల్లా తగిలిన చోట ఇప్పుడు గింజ లేదు. రెండువైపులా ఒకేలా బిగిసిన కండ, వేడిగా, చెమటతో.

"అప్పుడు బొత్తం జరిపి కుట్టింది నేనే" అంది, మెడ మీంచి చెయ్యి తీయకుండానే.

"తెలుసమ్మా. పాత దారం గుర్తు ఉండేది. ఆసుపత్రిలోనే చూశాను."

తల్లి టేపు చుట్టింది. చుట్ట సరిగా రాలేదు, విప్పి మళ్లీ చుట్టింది. "పద, ఆసుపత్రికి. ఆయన చెయ్యి పెట్టి చూసి నా మొహం మీద చెప్పాలి."

"ఆఫీసో?"

"జ్వరమని చెప్పు. అబద్ధాలు నీకు కొత్తా?"

కోచ్ నవ్వు ఆపుకుంది. "మరి సంతకం?"

"చూద్దాం."

డాక్టరు నొక్కి చూసి కండే అన్నాడు. తల్లి కదలకుండా కూర్చుంటే రక్తం కూడా తీయించాడు. ఫలితం గురువారం వచ్చింది. అందాకా కోచ్ ఇచ్చిన కొత్త కాగితం ఆమె సంచిలోనే ఉంది. బాగానే ఉందని డాక్టరు చెప్పాక, అన్నీ రెండుసార్లు చదివించుకుని, షాపులో కటింగు బల్ల మీద పెట్టి సంతకం చేసింది. మూడో అక్షరం దగ్గర చెయ్యి ఆగింది. కింద ఒక వాక్యం తనే చేర్చింది: రోజూ పొద్దున నేను కూడా వచ్చి కూర్చుంటాను.

శుక్రవారం ఐదున్నరకి ఇద్దరూ ఒకే బస్సులో, పక్కపక్క సీట్లలో వెళ్లారు. షెడ్డులో తల్లి స్టూలు ఎక్కడ వేసినా ఇష్టపడక, చివరికి కమ్మీ పక్కకే లాక్కుంది. చక్రాలు జారకుండా పెట్టే బిగింపుల్ని, కుట్టిన బొత్తాన్ని చూసినట్టు, ఒక్కొక్కటే లాగి చూసింది.

"ఇది వదులుగా ఉంది."

"అవన్నీ నేను చూశానండీ" అంది కోచ్.

"మీరు చూశారు. ఇది వదులుగా ఉంది."

కోచ్ వచ్చి తిప్పి చూసింది. పావు చుట్టు తిరిగింది. బిగించి పక్కకి తప్పుకుంది. తల్లి ఇంకోసారి లాగి చూసుకుంది, రెండో వైపు కూడా.

"ఎంతది?"

"అరవై" అంది కూతురు బెల్టు బిగించుకుంటూ.

"ఊఁ. కానీ మరి."